తోకపిల్ల ఇంటిపేరు

ఒకప్పుడు గాజురాయికి సొంత ఆకారం ఉండేది కాదు. ఎండ తగిలితే వెన్నలా మెత్తబడేది. గుంటలో కూర్చుంటే గుంటలా, బండ మీద పడుకుంటే బండలా మారిపోయేది. ఎవరి పక్కన ఉంటే వాళ్లలాగే కనిపించేది. దాని బతుకే హాయి అనుకునేవి మిగతా రాళ్లు.

ఆ రోజుల్లో ఏటి ఒడ్డున రాళ్లన్నీ కుటుంబాలుగా బతికేవి. పలుగురాళ్లవారు ఒక పక్క, సుద్దరాళ్లవారు ఒక పక్క, గులకరాళ్లవారు నీటి అంచున. కొత్త రాయి ఏదైనా దొర్లుకుంటూ వస్తే, కూర్చోమనేకన్నా ముందే అడిగేవి.

"ఏ ఊరమ్మా మీది? ఎవరి తాలూకు? ఇంటిపేరేమిటి?"

ఇది ఊసుపోక అడగడం కాదు. ఏటా తొలకరికి కొండల మీద వానలు పడి ఏటికి ఎర్రనీళ్లు వచ్చేవి. అప్పుడు ఏరమ్మ ఒడ్డు పొడుగునా నడుస్తూ ఒక్కొక్క రాయినీ ఇంటిపేరు అడిగేది. చెప్పినవాళ్లని వాళ్ల చోట వదిలేసేది. చెప్పలేనివాళ్లని కొంగున కట్టుకుని సముద్రానికి తీసుకుపోయేది. అక్కడ అలలు వాళ్లని నూరి నూరి పొడి చేసేవి.

ఇలా ఉండగా ఒకనాడు ఆకాశం నుంచి పెద్ద రాయి మండుకుంటూ వచ్చి, ఎక్కడో చాలా దూరాన, కొండలకవతల పడింది. నేల అదిరింది. కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. కాసేపటికి ఏటి ఒడ్డున టపటపమని నల్లటి గాజుముక్కలు రాలాయి.

వాటిలో నలుగురు ఒక రెల్లుపొద కింద పడ్డారు. పెద్దవాడు గుండ్రంగా, ఒక పక్క చిన్న మొనతో ఉన్నాడు. వాణ్ణి గుండన్న అన్నారు. రెండోది నడుము సన్నగా, రెండు కొసలూ లావుగా ఉంది. అది జంటక్క. మూడోది నీటిబొట్టులా ఉండి, వెనక పొడుగాటి తోక ఉంది. అది తోకపిల్ల. ఆఖరివాడు బొత్తాంలా బల్లపరుపుగా, చుట్టూ అంచుతో ఉన్నాడు. వాడు బిళ్ల.

గులకరాళ్లలో పెద్దవాడు గులకతాత. ఆయన దొర్లుకుంటూ వచ్చి పలకరించాడు.

"ఏ ఊరు నాయనా మీది? ఇంటిపేరేమిటి?"

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు. ఒళ్లు కరిగినప్పుడు ఉన్న జ్ఞాపకాలన్నీ కరిగిపోయాయి. రెండు ముక్కలు మాత్రం మిగిలాయి. చాలా వేడిగా ఉండడం ఒకటి. చెవి పక్కన గాలి సన్నగా ఈల వేయడం ఒకటి. తోకపిల్ల ఆ రెండే చెప్పింది, గుండన్న ఆ ఈల వేసి కూడా చూపించాడు.

"వేడీ ఈలా ఇంటిపేర్లు కావే పిల్లా," అన్నాడు గులకతాత. "పాపం, ఎర్రనీళ్లు రావడానికి ఇంకెంతో లేదు. నా మాట వినండి. ఎండలోకి రండి. మెత్తబడగానే మాతోపాటు దొర్లండి. మాలాగే గుండ్రంగా అయిపోతారు. ఏరమ్మ అడిగితే మావాళ్లే అని మేం చెబుతాం."

ముసలాయన మంచివాడే. ఆయన మాటలో మోసం లేదు. గుండన్న అప్పుడే బయల్దేరాడు.

"ఈ మొన ఒక్కటీ అరిగితే చాలు నేను గులకరాయినే! మీరూ రండర్రా," అన్నాడు.

మధ్యాహ్నం వరకూ దొర్లాడు. మొన పోయింది. నున్నగా, చక్కగా తయారయ్యాడు. తోకపిల్ల రెల్లునీడలోంచే పిలిచింది.

"అన్నయ్యా, బాగుందా అక్కడ?"

"బాగుంది."

"మనం వచ్చేటప్పుడు గాలి ఈల వేసింది, గుర్తుందా?"

"ఏం ఈల?" అన్నాడు గుండన్న.

పొద్దున ఆ ఈల ఎలా ఉందో వేసి చూపించింది వాడే.

"అక్కా, వాడి మొనతోపాటు వాడి జ్ఞాపకమూ పోయింది," అంది జంటక్కతో. "మన ఆకారంలోనే ఉన్నట్టుంది మనకు మిగిలిన కాస్తా. నేను ఎండలోకి రాను."

"రాకపోతే సముద్రంలోకి పోతావు," అంది జంటక్క.

"అది కాకముందే ఇంటిపేరు కనుక్కుంటాను."

"ఎవర్ని అడుగుతావు?"

తోకపిల్ల తోకని ఇంకాస్త నీడలోకి లాక్కుంది.

ఆనాటినుంచి ముగ్గురూ రెల్లునీడ కదిలిన వైపే కదులుతూ బతికారు. పొద్దు పడమటికి తిరిగితే వాళ్లూ తిరిగేవారు. ఒళ్లు చల్లగా ఉంచుకోవడమే పని. తోకపిల్ల నిద్ర లేవగానే తోక తడుముకునేది. తరవాత తనకు తనే చెప్పుకునేది. "వేడిగా ఉంది. గాలి ఈల వేసింది." చెప్పుకోకపోతే ఏ పూట ఏది జారిపోతుందోనని భయం. చెప్పుకుంటే చెప్పుకున్నదే మిగిలి అసలుది పోతుందేమోనని ఇంకో భయం.

ఒక రోజు తెల్లవారాక కూడా చందమామ పడమట వెలవెలబోతూ నిలబడి ఉన్నాడు. వీళ్లని చూసి నవ్వాడు.

"ఏమర్రా మేనకోడళ్లూ, మేనల్లుడూ! దిగులెందుకు? మీరు నా దగ్గర్నుంచి రాలినవాళ్లే. పైనుంచి పడ్డారు. పైన ఉన్నది నేను. చందమామవారమని చెప్పండి, సరిపోతుంది."

బిళ్ల ఎగిరి గంతేశాడు. "చందమామవారు! ఎంత బాగుందే అక్కా! సుద్దరాళ్లు కుళ్లుకుని చస్తాయి."

తోకపిల్లకీ ఆశ పుట్టింది. కాని ఆ ఈల గుర్తొచ్చి అడిగింది.

"మామా, మీ ఇంట్లో గాలి ఉందా?"

"గాలా? లేదు. హాయిగా ఉంటుంది. ఎక్కడి దుమ్ము అక్కడే."

"మరి మా బిళ్లకు ఈ అంచు ఎక్కడిది? ఎవరో ముందునుంచి ముఖం మీద గట్టిగా రుద్దితే వెనక్కి పేరుకున్నట్టుంది."

"దిగేటప్పుడు మీ గాలి రుద్ది ఉంటుంది. దారిలో గాలి తగిలితే మాత్రం, బయల్దేరింది నా ఇంటి నుంచి కాకుండా పోతుందా?"

ఆ మాటా నిజమే. అంత పెద్దవాడు చెబుతుంటే కాదనడం ఎలా? కాని ఏరమ్మ ముందు నిలబడి తెలియని పేరు చెప్పడానికి తోకపిల్ల మనసు ఒప్పలేదు. చందమామ నవ్వుకుంటూ కొండ వెనక్కి దిగిపోయాడు.

ఆ పొద్దు ఎక్కేసరికి ఏటి ఒడ్డుకి మొగుడూ పెళ్లాం వచ్చారు. ఆవిడ పేరు గున్నమ్మ, ఆయన పేరు దాలయ్య. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొత్తనీళ్లు రాకముందే ఏరమ్మకు చలిమిడి పెడతారు. ఒడ్డునే పొయ్యి వేసి, బెల్లం పాకం పట్టి, తడిపిన బియ్యప్పిండి కలిపి, ఆ వెచ్చటి ముద్దని ఆకులో పెట్టి నీళ్లలో వదులుతారు. గున్నమ్మ పిండి తెచ్చింది, బెల్లం తెచ్చింది, గిన్నె తెచ్చింది. పొయ్యికి రాళ్లు, చితుకులు చూడమని మొగుడికి చెప్పింది.

దాలయ్య రెల్లుపొద దగ్గరికి వచ్చాడు. కొడవలి తీశాడు. ఎండురెల్లు కదా, బాగా మండుతుందని పొద మొత్తం మొదలంటా కోసేశాడు.

ముగ్గురి మీదా ఎండ ఒక్కసారి పడింది.

"అక్కా, నీడ పోయింది!" అని అరిచాడు బిళ్ల.

"తడి ఇసుకలోకి దిగండి," అంది తోకపిల్ల. ముగ్గురూ సగం సగం కూరుకున్నారు. కాని తోకపిల్ల తోక పొడుగు. కొస బయటే ఉండిపోయింది. అది చిన్నగా జిగటపడడం మొదలుపెట్టింది.

దాలయ్యకు ఇదేమీ తెలియదు. పొయ్యికి రెండు రాళ్లు ఒడ్డు మీద ఏరాడు. మూడోదానికి అంత దూరం నడవడం దేనికని నీటి అంచున మునిగి ఉన్న లావుపాటి గులకరాయి ఒకటి ఎత్తుకొచ్చాడు.

"అదేమిటయ్యా, నీళ్లు తాగిన రాయి తెచ్చావు? పేలుతుంది," అంది గున్నమ్మ.

"రాయి పేలడమేమిటే? నువ్వు పేలకుండా ఉంటే చాలు."

"మా అమ్మ చెప్పేది. తడి రాయి పొయ్యికి పనికిరాదని."

"మీ అమ్మ ఏం పనికొస్తుందని చెప్పింది గనక! అల్లుడే పనికిరాడంది."

"అది మాత్రం తప్పు చెప్పలేదు," అంది గున్నమ్మ.

మంట రాజుకుంది. గిన్నెలో బెల్లం కరిగింది, పొంగింది. గున్నమ్మ పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేసి చూసుకోవాలి. చలిమిడికి లేతపాకం కావాలి. కాని మొగుడికి జవాబు చెప్పడంలో పడి చూసుకోవడం మరిచిపోయింది. పసుపుపచ్చటి బెల్లం ఎరుపెక్కి, నలుపెక్కి, బాగా ముదిరిపోయింది.

అప్పుడు పేలింది తడి రాయి. ఢామ్మని చప్పుడైంది. దాని పెచ్చు ఒకటి లేచి సరాసరి పాకంలో పడింది. గిన్నెలోంచి పాకం అన్ని వైపులా ఎగిరింది. ఏటిగాలికి ఎగిరినవి ఎగిరినట్టే గట్టిపడి ఇసుక మీద టపటపమని రాలాయి.

ఆ టపటప వింటూనే తోకపిల్ల ఉలిక్కిపడింది. తన ముందు పడ్డ చుక్కని చూసింది. నల్లగా, నున్నగా, వెనక సన్నటి తోకతో ఉంది. దాని పక్కన ఇంకొకటి. గాలిలో గిరగిర తిరుగుతూ వచ్చింది కాబోలు, రెండు కొసలూ లావెక్కి మధ్యన తీగలా సాగింది.

"అక్కా, చూడవే! అచ్చం మనమే!"

జంటక్క కళ్లప్పగించింది. "ఇది నా నడుమే!"

అవతల గున్నమ్మ నెత్తి కొట్టుకుంటోంది. "చెప్పానా? చెప్పానా? పాకం అంతా నేలపాలైంది!"

దాలయ్య సంగతి మార్చడానికి ఒక చుక్క ఏరి, ఇసుక దులిపి నోట్లో వేసుకున్నాడు. "బానే ఉందే. రాయి రుచేమైనా తగులుతుందేమోనని చూశా."

"రాయి రుచి ఎందుకు తగులుతుంది? రాయి పడింది, నిజమే. ఎగిరింది నా పాకం కదా! గిన్నెలో ఏముంటే అదే చిందుతుంది. ఆమాత్రం తెలియదూ?"

తోకపిల్ల ఆ మాట పట్టుకుంది.

రాయి పడింది. ఎగిరింది పాకం.

ఆకాశం నుంచి రాయి పడింది. మరి ఎగిరింది ఏమిటి? అది ఎక్కడ పడిందో అక్కడి నేల! తను చందమామ దగ్గర్నుంచి రాలలేదు. ఆకాశపు రాయిలో ముక్కా కాదు. ఏదో నేల గిన్నెలో పాకంలా కరిగి, పైకి చింది, దారిలో తోక సాగి, చల్లబడి ఇక్కడ దిగింది.

"బిళ్లా! మనం పైనుంచి వచ్చినవాళ్లం కాదురా. కిందినుంచి పైకి పోయి, మళ్లీ కిందికి వచ్చాం!"

"ఏ కింద నుంచి?" అన్నాడు బిళ్ల.

అది తెలియాలి. గాలి అప్పుడే పాకం వాసన మోసుకుంటూ వెళ్లబోతోంది. తోకపిల్ల గట్టిగా పిలిచింది.

"గాలి పిన్నీ! ఆ రోజు ఆకాశపు రాయి ఎవరి మీద పడింది?"

"పొరలమ్మ మీద," అంది గాలి. "కొండలకవతల ఇసుకరాతి ముసలమ్మ. ఆవిడ ఒడిలోనే పడింది. పెద్ద గుంట చేసింది."

"ఆవిడతో మాట్లాడాలి. నా మాట అటు మొయ్యి, ఆవిడ మాట ఇటు మొయ్యి. తొందరగా, నా తోక కరిగిపోతోంది."

గాలి పరుగెత్తింది. ఈలోగా తోకపిల్ల చెబుతూనే ఉంది. "వేడిగా ఉంది. గాలి... గాలి ఏం చేసింది అక్కా?"

"ఈల వేసిందే," అంది జంటక్క.

కాసేపటికి గాలి తిరిగొచ్చింది. దాని మీద ఒక ముసలి గొంతు వచ్చింది. గరుకుగా, ఆగి ఆగి మాట్లాడే గొంతు.

"ఎవరమ్మా నన్ను అడిగింది?"

"మేం నల్లగాజు ముక్కలం అవ్వా. ఆ రోజు నీ ఒడిలోంచి ఏమైనా ఎగిరిందా?"

గాలి వెళ్లింది, వచ్చింది.

"పోయారమ్మా నా పిల్లలు. సగం ఒడి ఖాళీ అయింది. కాని వాళ్లు నల్లటివాళ్లు కాదు. పచ్చగా, గరుగ్గా, ఇసుకరేణువుల్లా ఉండేవాళ్లు. నాకు మతి సరిగా లేదు తల్లీ. వాన పడినప్పుడల్లా ఒక పొర కొట్టుకుపోతుంది, దాంట్లో ఉన్నది కూడా పోతుంది. కాని పిల్లల రంగు మరిచిపోలేదు. మీరు నా వాళ్లు కారు."

జంటక్క తల దించుకుంది. బిళ్ల "చందమామవారనే చెబుదాం," అని గొణిగాడు.

తోకపిల్ల గున్నమ్మ గిన్నె వైపు చూసింది. అడుగున కాస్త పాకం మిగిలి ఉంది, నల్లగా. పక్కన కొట్టకుండా మిగిలిన బెల్లం అచ్చు, పచ్చగా.

"అవ్వా! రంగు పట్టించుకోకు. కరిగితే రంగు మారుతుంది. ఆకారం చెబుతా విను. నాకు వెనక పొడుగాటి తోక ఉంది. మా అక్కకి నడుము సన్నం, రెండు కొసలూ లావు. మా తమ్ముడు బిళ్లలా ఉండి చుట్టూ అంచు ఉంది."

ఈసారి గాలి చాలాసేపు రాలేదు. వచ్చాక ఆ గొంతు వేరేగా ఉంది.

"తోకా? ఉండు. ఉండమ్మా... అవును. ఎర్రటి చుక్కలు లేచాయి. నా ఒడిలోంచే లేచాయి. ఒక్కో చుక్క వెనక తోక సాగింది. కొన్ని మెలికలు తిరుగుతూ పోయాయి, తిరిగే కొద్దీ నడుము సన్నబడింది. నేను చూశాను! చూసి ఎలా మరిచిపోయాను? రేణువుల్లా తిరిగొస్తారని ఇన్నాళ్లూ రేణువుల కోసమే వెతుకుతున్నాను. మరి ఆ అంచుగలవాడు... వాణ్ణి అలా చూడలేదమ్మా."

"నువ్వు చూడలేవు పొరలమ్మా," అంది గాలి. "వాడు అందరికన్నా పైకి పోయాడు. చల్లబడి ఉండగా పట్టుకున్నాను. దిగుతుంటే ముఖం మీద నేనే రుద్దాను. ముఖం రెండోసారి కరిగి వెనక్కి పేరుకుంది. అదే అంచు."

"అలాగా! అయితే నా కాళ్ల దగ్గర ఒకడు పడి ఉన్నాడు. నల్లగా, దిమ్మలాగా, పొరలు పొరలుగా. ఎగరలేక ఇక్కడే గడ్డకట్టినవాడు. అయ్యో! ఎవరో పరాయివాడనుకుని ఇన్నాళ్లూ వాడితో ఒక్క మాటైనా మాట్లాడలేదే!"

ఆ తరవాత ఆవిడ ఎవరితోనో మెల్లగా మాట్లాడడం వినిపించింది. ఏమందో గాలి చెప్పలేదు.

ఇంతలో ఎండ తగ్గింది. తోకపిల్ల తోక జిగట ఆగింది. కొస కాస్త వంగింది గాని ఉంది. పైకి చూస్తే మబ్బు. కొండల మీద అప్పటికే కురుస్తోంది.

గున్నమ్మ మిగిలిన బెల్లంతో లేతపాకం పట్టి, ఈసారి మొగుడి మాట చెవిన పెట్టకుండా, చలిమిడి ముద్ద చేసింది. ఆకులో పెట్టి నీళ్లలో వదిలింది. ఇద్దరూ గిన్నె సర్దుకుని గట్టెక్కేసరికి ఎర్రనీళ్లు వచ్చేశాయి.

ఏరమ్మ ఒడ్డు వెంట నడుస్తూ అడుగుతోంది. "ఇంటిపేరు?" "పలుగురాళ్లవారం." "ఇంటిపేరు?" "సుద్దరాళ్లవారం." గులకరాళ్ల దగ్గరికి వచ్చింది. గులకతాత మాట తప్పలేదు. గుండన్నని చూపించి "వీడూ మావాడే," అన్నాడు. ఏరమ్మ తడిమింది. నున్నగా ఉన్నాడు. వదిలేసింది.

"పిల్లా, ఇంకా మించిపోలేదు!" అని తాత తోకపిల్లను పిలిచాడు. "నా వెనక నక్కు!"

తోకపిల్ల కదల్లేదు. నీళ్లు దాని ముందుకు వచ్చి ఆగాయి.

"ఇంటిపేరు?"

"పొరలమ్మవారం. కొండలకవతల ఇసుకరాతి నేల పిల్లలం. ఆకాశపు రాయి పడితే చిందాం. పైదారిన ఇక్కడికి వచ్చాం."

"పొరలమ్మని నేనెరుగుదును. ఆవిడ పచ్చన, మీరు నల్లన. పేరు ఎవరైనా చెబుతారు. గుర్తేది?"

"ఇదిగో," అని తోకపిల్ల తన తోక చాచింది. "కరిగి ఉండగా ఎగిరాను గనక ఇది సాగింది. మా అక్క తిరుగుతూ వచ్చింది గనక నడుము సన్నబడింది. మా తమ్ముడు అందరికన్నా పైకి పోయి దిగాడు గనక వాడికి అంచు కట్టింది. తడిమి చూడమ్మా. ఇంతకన్నా మా దగ్గర ఏమీ లేదు."

ఏరమ్మ చల్లటి చేత్తో తోక మొదటినుంచి కొస దాకా తడిమింది. జంటక్క నడుము తడిమింది. బిళ్ల అంచు చుట్టూ వేలు తిప్పింది. ఆవిడ ఒడ్డున ఎన్నో రాళ్లని అరగదీసింది. ఎగిరి వచ్చినదేదో, దొర్లి వచ్చినదేదో ఆవిడకు తెలియంది కాదు.

"నిజమే," అంది. "ఉండండి ఇక్కడే. ఇంత దూరం తెచ్చుకున్న గుర్తు ఎండకి పోగొట్టుకోకండి."

దోసిలితో నీళ్లు తీసి ముగ్గురి మీదా పోసింది. ఆ చల్లదనం ఒంట్లో లోపలి దాకా దిగింది. తోకపిల్ల తోక కొంచెం వంచి చూసింది. వంగలేదు.

ఎర్రనీళ్లు తగ్గాక తోకపిల్ల గులకరాళ్ల వైపు దొర్లుకుంటూ వెళ్లింది.

"అన్నయ్యా! మన ఇంటిపేరు తెలిసింది. మనం పొరలమ్మవారం."

గుండన్న మర్యాదగా నవ్వాడు. "సంతోషమమ్మా. ఇంతకీ ఎవరు మీరు?"

తోకపిల్ల చెప్పింది. మర్నాడూ చెప్పింది. అతను విని, తల ఊపి, గులకరాళ్లతో కబుర్లలో పడేవాడు.

అప్పటినుంచే ఆకాశపు రాయి పడ్డప్పుడు నేల కరిగి పుట్టిన నల్లగాజు ఎండకి మెత్తబడడం మానేసింది. ఎక్కడ పడ్డా పక్కవాళ్ల ఆకారం తెచ్చుకోదు. పడ్డచోటుకి దగ్గర్లో దొరికేది దిమ్మలా, పొరలు పొరలుగా ఉంటుంది. దూరాన దొరికేది బొట్టులా, బిళ్లలా, సన్ననడుముతో, తోకతో ఉంటుంది. కొన్నింటిని మాత్రం నీళ్లు దొర్లించి నున్నగా చేశాయి. అవి గులకరాళ్ల మధ్య ఉంటాయి, వాటికేమీ గుర్తులేదు. మిగతావాటిని ఏమీ అడగక్కర్లేదు. వేలితో తడిమితే చాలు, ఎక్కడ కరిగాయో, ఎలా ఎగిరాయో అవే చెబుతాయి.